అవ్వ దురద 'వయసు' ఖాతాలోకి ఎందుకు పోతోంది?

జువ్వలదిన్నె చుట్టుపక్కల దళితవాడల్లో పొద్దువాలాక అరుగుల మీద కూర్చుని పెద్దవాళ్ళతో మాట్లాడితే ఒక సంగతి కంటబడుతుంది. మాట్లాడుతూనే వాళ్ళ చేతులు పిక్కల మీదికో, నడుం మీదికో పోతుంటాయి. ఎన్నాళ్ళనుంచి ఈ దురద అని అడిగితే "వయసైపోయింది గదబ్బయ్యా, ఇంక ఇట్టనే ఉంటది" అంటారు. పెన్షన్ గురించి అరగంట చెప్పేవాళ్ళు కూడా నిద్ర పట్టనీయని దురద గురించి మనం అడిగితే తప్ప చెప్పరు. మేము కూడా చాలాకాలం అడగలేదు. భూమి కేసులు, అట్రాసిటీ కేసులు, శ్మశానం దారి, వీటి ముందు అది చిన్న విషయం అనుకున్నాం. పొరపాటు మాదే.

వయసు మీదపడ్డాక చర్మం పలచబడుతుంది. కింద నూనె ఊరించే గ్రంథులు నెమ్మదిస్తాయి. తడి నిలవదు, పొడిబారుతుంది, పగులుతుంది, దురద పెడుతుంది. ఇది అందరికీ ఉన్నదే. కానీ నాట్లలో, కలుపులో మోకాటిలోతు బురదలో నిలబడ్డ కాళ్ళకూ, ఉప్పు కయ్యల్లో ఎండకు మాడిన వీపుకూ, రొయ్యల గుంటల్లో సున్నం, బ్లీచింగ్ చల్లిన చేతులకూ ఆ ముసలితనం ముందే వస్తుంది. చేతికి తొడుగులు, కాలికి బూట్లు ఇవ్వని యజమాని ఎక్కడా కనబడడు. వయసే కనబడుతుంది.

పొడి దురదకు పెద్ద మందులక్కర్లేదు. మరీ వేడినీళ్ళు కాకుండా గోరువెచ్చని నీళ్ళు, సబ్బు చంకలకూ గజ్జలకూ పాదాలకూ మాత్రమే, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే కొబ్బరినూనెగానీ వ్యాసలైన్‌గానీ. ఆరిపోయాక రాస్తే సగం ఫలితమే. అరికాళ్ళకు రాసుకుంటే మాత్రం మంచమెక్కాకే రాసుకోవాలి, జారిపడితే తుంటి విరుగుతుంది. బోరునీళ్ళు ఉప్పగా ఉన్నచోట చివరి రెండు చెంబులైనా మంచినీళ్ళు పోసుకుంటే మేలు. ఆ రెండు చెంబులు ఎక్కడినుంచి రావాలన్నది వేరే ప్రశ్న. కుళాయి లైను ముందు ఏ వీధికి పడుతుందో, ఏ వీధి దగ్గర ఆగిపోతుందో మన పాఠకులకు మేము చెప్పనక్కర్లేదు. 1927లో మహద్ చెరువు దగ్గర తేలని లెక్క అది.

సబ్బు తగ్గించమనే సలహా మా పెద్దమ్మలకు అసలు నచ్చదు. బట్టల సబ్బుతో, గరుకు రాయితో తోముకునేవాళ్ళను చూశాం. 'శుభ్రం లేనోళ్ళు' అనే మాట తరతరాలుగా పడ్డ ఒళ్ళు అది. ఎంత రుద్దినా ఆ మాట పోదని వాళ్ళకూ తెలుసు, అయినా రుద్దుతారు. అందుకే ఈ సలహా ఇచ్చేవాళ్ళు జాగ్రత్తగా ఇవ్వాలి.

అన్ని దురదలూ పొడి దురదలు కావు. రాత్రిపూట ఎక్కువై, వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులుంటే, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే అది గజ్జి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. కంటికి కనబడని పురుగు చర్మంలో తొలుచుకుని గుడ్లు పెట్టడం వల్ల వచ్చేది, మురికి వల్ల వచ్చేది కాదు. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో త్వరగా పాకుతుంది. 5 శాతం పెర్మెత్రిన్ మందును మెడ నుంచి పాదాల దాకా, గోళ్ళ కింద కూడా రాసి, రాత్రంతా ఉంచి పొద్దున కడగాలి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి. మరీ పెద్దవాళ్ళకు తలకూ ముఖానికీ కూడా అవసరం కావచ్చు, డాక్టర్ని అడగాలి. దురద లేనివాళ్ళతో సహా ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోకపోతే మందు వృథా. దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండెయ్యాలి. ఉతకలేనివి మూడు నాలుగు రోజులు సంచిలో మూటగట్టి పక్కన పెడితే చాలు, మనిషి ఒళ్ళు దొరక్క పురుగు చచ్చిపోతుంది. మందు రాశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉండొచ్చు. పనిచెయ్యలేదని మళ్ళీ మళ్ళీ పూయకూడదు.

మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి. ఒక అవ్వ కొంగుముడి విప్పి చూపించిన ట్యూబు. మందుల షాపులో "తామరకు" అని ఇచ్చారట. రాసిన రెండో రోజుకే దురద తగ్గింది, మానగానే రెట్టింపైంది. ఏడాదిగా అదే. తొడల మీద చర్మం ఉల్లిపొరలా పలచబడి చారలు పడింది, తామర మాత్రం నడుం దాకా పాకింది. అందులో ఉన్నది క్లోబెటాసోల్ అనే బలమైన స్టెరాయిడ్. స్టెరాయిడ్ దురదను అణచిపెడుతుంది, ఫంగస్‌ను చంపదు, పైగా దానికి తిండిపెట్టినట్టవుతుంది. ఇలాంటి పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా చీటీ అడిగే షాపు మా తిరుగుడులో అరుదు. ఆసుపత్రికి పోతే ఒకరోజు కూలీ, ఆటో ఖర్చు, లైన్లో నిలబడటం. షాపులో అయితే కాసిని డబ్బులకే పని అయిపోతుంది. తప్పు అవ్వది కాదు.

ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఏమవుతుందో కూడా చెప్పాలి. పేరు రాయడం లేదుగానీ, ఒకచోట డాక్టరు బల్లకు అవతలే ఉండి, చీర పైకి తియ్యమని చూసి, చెయ్యి వెయ్యకుండానే మందు రాశాడు. చర్మాన్ని దూరం నుంచి చదవలేరు. ముఖ్యంగా పాలిపోయిన మచ్చ, దాని మీద స్పర్శ లేకపోతే కుష్ఠు కావచ్చు. దూదిపోగుతో తాకి చూస్తేనే తేలుతుంది. జాతీయ స్థాయిలో కుష్ఠును నిర్మూలించామని 2005 డిసెంబరులో ప్రకటించుకున్నాం, కానీ కొత్త కేసులు ఆగలేదు. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు. మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఇతరులకు అంటదు. వైద్యశాలలోకి రానివ్వకపోవడాన్నే కాదు, వచ్చాక అంటరానితనంతో వివక్ష చూపడాన్ని కూడా 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ఐదో సెక్షన్ నేరమంటుంది. ఈ సెక్షన్ గురించి తెలిసిన కార్యకర్తలు కూడా తక్కువే.

పుస్తకాల్లో "చర్మం ఎర్రబడితే" అని ఉంటుంది. మన నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడదు. మంచంలో ఉన్నవాళ్ళ నడుం ఎముక, మడమలు రోజూ తడిమి చూడాలి. చుట్టుపక్కల కన్నా నల్లగా, వెచ్చగా, గట్టిగా తగిలితే పుండు మొదలవుతున్నట్టే. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. షుగరున్నవాళ్ళ పాదాలూ అంతే, రోజూ వేళ్ళ సందులు చూడాలి, వాకిట్లోకైనా చెప్పుల్లేకుండా పోనివ్వకూడదు. పుండు వారంలో మానకపోయినా, పుట్టుమచ్చ రంగు మారి పెరుగుతున్నా, పొక్కులేమీ లేకుండా ఒళ్ళంతా దురద పెడుతున్నా ఆలస్యం చెయ్యొద్దు. చివరిది ఒక్కోసారి కిడ్నీదో, కాలేయానిదో, థైరాయిడ్‌దో అయివుంటుంది, దానికి రక్తపరీక్షలు కావాలి.

ఊళ్ళకు వెళ్ళే విద్యార్థులకు ఒక మాట. పెద్దవాళ్ళను కావలి ఏరియా ఆసుపత్రికో, నెల్లూరు పెద్దాసుపత్రికో తీసుకెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, సంచిలో వేసుకుని వెళ్ళండి. అవ్వ దగ్గర మొత్తం ఏడు దొరికాయి. వాటిలో ఐదింటిలో స్టెరాయిడ్ ఉంది.