సమాధి రాయి, చర్చి రిజిస్టరు: పూర్వీకుల ఖనన వివరాల అన్వేషణ

కుటుంబ చరిత్రకు పనికివచ్చే లిఖిత ఆధారాలలో చర్చి ఖనన రిజిస్టరు ఒకటి. తెలుగు క్రైస్తవ కుటుంబాలకు దీని విలువ చాలా ఎక్కువ.

మీ ముత్తాతగారు 1918 ప్రాంతంలో బందరులో మరణించారనుకుందాం. ఇంట్లో చెప్పుకునే మాట అదొక్కటే. నేరుగా సమాధుల తోటకు వెళితే మీకు నిరాశ ఎదురుకావచ్చు. రాయి చెక్కించడం ఖర్చుతో కూడిన పని. కూలి కుటుంబాలు మట్టిదిబ్బ మీద కర్ర శిలువ పాతి సరిపెట్టుకునేవి. నాలుగు వానాకాలాలు గడిస్తే ఆ గుర్తు ఉండదు. అదే ఊళ్లో డచ్చివారి సమాధులపై పదిహేడో శతాబ్దపు శాసనాలు నేటికీ ఉన్నాయి. రాయి కలవారినే గుర్తుపెట్టుకుంటుంది. రిజిస్టరు అలా కాదు. ఖననం జరిపించిన పాదిరిగారు పేరు, వయసు, తేదీ రాసి సంతకం చేయాలి. రాయి ఉన్నా లేకున్నా.

ఏ చర్చిలో వెతకాలి? ఆనాటి మిషన్ ఏదో ముందు తెలుసుకోండి. ఆంగ్లికన్, వెస్లియన్ మెథడిస్టు సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సి.ఎస్.ఐ.లో కలిశాయి. గుంటూరు లూథరన్లు, నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులు కలవలేదు. కనుక బందరులోని ఆంగ్లికన్ మిషన్ పుస్తకాల కోసం నేటి సి.ఎస్.ఐ. పాస్టరుగారిని అడగాలి. ఐరోపా, ఆంగ్లో-ఇండియన్ కుటుంబాల వారికి మరో దారి ఉంది: మద్రాసు నుంచి పంపిన ఖనన నకళ్లు, 1698 మొదలు, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

పేరు దగ్గర జాగ్రత్త. ఇంట్లో సుబ్బయ్య అయిన మనిషి రిజిస్టరులో సమూయేలు కావచ్చు; ఇంటిపేరు ఒక్క ఇంగ్లీషు అక్షరంగా మిగలవచ్చు. బాప్తిస్మపు పేరు ముందే కనుక్కొని వెళ్లండి. వయసు 50, 60 అని గుండు అంకెలో ఉంటే అది అంచనా మాత్రమే. ఖననం తేదీని ఎక్కువగా నమ్మవచ్చు.

దొరికిన ఒక్క వరుసతో ఆగకుండా పేజీ అంతా చదవండి. 1918 చివరి నెలల్లో ఇన్‌ఫ్లుయెంజా దేశమంతా ప్రబలింది. ఆ పేజీలో వారం తిరగకముందే అదే ఇంటిపేరుతో మరో పిల్లవాడి పేరు కనిపిస్తే, మీ ఇంట్లో ఎవరూ నోరు విప్పని సంగతి ఒకటి బయటపడినట్టే.

ఇటీవలి తరాలకు 1969 నాటి జనన మరణ నమోదు చట్టం కింద స్థానిక రిజిస్ట్రారు వద్ద నకలు పొందవచ్చు. అయితే మరణ కారణాన్ని అందులో వెల్లడించరాదని ఆ చట్టమే చెబుతోంది.

తేదీ చేతికి వచ్చాక ఇప్పుడు సమాధుల తోటకు వెళ్లండి. అదే నెలలో, అదే ఏడాది ఖననమైనవారి రాళ్లు ఎక్కడున్నాయో చూడండి. వరుసగా గుంటలు తవ్విన తోటలో, రాయి లేని మీ ముత్తాతగారు ఆ పక్కనే ఎక్కడో ఉండే అవకాశం ఎక్కువ.