స్వరాల మధ్య ఎడం ఎంత?

పాశ్చాత్య సంగీతాన్ని ఐదు గీతల మీద అచ్చువేసేటప్పుడు స్వరం ఎంత ఎత్తున కూర్చోవాలో లిపి నియమమే తేల్చేస్తుంది. పక్క స్వరానికి ఎంత దూరంలో కూర్చోవాలన్నది మాత్రం కంటికి వదిలేసిన విషయం. మన కర్ణాటక స్వరలిపిలో ‘స’ అంటే ఒక మాత్ర, ‘సా’ అంటే రెండు. కాలం అక్షరంలోనే ఉంది. ఐదు గీతల లిపిలోనూ స్వరం ఆకారమే వ్యవధిని చెబుతుంది, నిజమే. కానీ వేగంగా వాయించేవారికి ఒక్కో ఆకారాన్నీ విడమరచుకునే తీరిక ఉండదు. చూపు ముందుకు సాగుతూ ఖాళీల వెడల్పును బట్టి లయను పసిగడుతుంది. ఒక్క స్వరమూ తప్పు లేని పుట కూడా ఖాళీలు కుదరకపోతే చదివేవారిని తడబెడుతుంది. ఈ ఎడాన్ని కంప్యూటరు తనంతట తానే నిర్ణయించగలదని నా వాదన. పాత అచ్చు పనివాళ్ల కన్ను ఎక్కడెక్కడ లెక్కను కావాలనే పక్కన పెట్టిందో గమనించి, దాన్ని కూడా లెక్కలోకి తెచ్చాకే అది సాధ్యమైంది.

కంప్యూటరుకు ముందు ఈ పని లోహపు రేకు మీద జరిగేది. లైప్‌జిగ్ వంటి నగరాల్లో తగరం, సీసం కలిసిన మెత్తని రేకు మీద ఐదు గీతలు గీసి, స్వరాలను కుడియెడమలు తిరగేసి ఉక్కు ముద్రలతో కొట్టేవారు. దెబ్బ పడ్డాక స్వరాన్ని జరపడం కష్టం కనుక వరుసలో ఏది ఎక్కడ పడాలో ముందే గుర్తులు పెట్టుకునేవారు. ఏళ్ల తరబడి గురువు పక్కన నేర్చుకునే విద్య అది. వాళ్లు వ్యవధికి సరిసమాన నిష్పత్తిలో ఖాళీ ఇచ్చేవారు కారు, ఇవ్వడం కుదరదు కూడా. పదహారో వంతు స్వరానికి 3 మిల్లీమీటర్లు ఇస్తే, దానికి 16 రెట్లు నిలిచే పూర్తి స్వరానికి 48 కావాలి. 180 మిల్లీమీటర్ల వరుసలో అలాంటివి నాలుగు కూడా పట్టవు. అందుకే వ్యవధి రెట్టింపైనప్పుడల్లా ఖాళీకి కొంత మాత్రమే కలిపేవారు. గణితంలో ఇది సంవర్గమానానికి దగ్గరి పద్ధతి.

ఫ్రాన్స్‌కు చెందిన డానియల్ తోపాన్, మరికొందరు కలిసి 1990లలో డొనాల్డ్ నూత్ అచ్చుకూర్పు వ్యవస్థ ‘టెక్’ ఆధారంగా నిర్మించిన ‘మ్యూజిక్స్‌టెక్’లో ఈ ఆచారం స్పష్టంగా కనిపిస్తుంది. అందులో సంగీతాన్ని ఆదేశాలుగా టైపు చేయాలి. ‘నోట్స్’ అనే ఆదేశంలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఒక్కొక్కటిగా పెరిగేకొద్దీ ఖాళీ 2, 3, 4, 5, 6 పాళ్లుగా పెరుగుతుంది. పదహారో వంతు స్వరం నుంచి పూర్తి స్వరం దాకా వ్యవధి 16 రెట్లయితే ఖాళీ మూడు రెట్లే. పాత విద్య సారమంతా ఈ ఐదు అంకెల్లో ఉంది. అయితే ఎక్కడ ఏ ఆదేశం వాడాలో టైపు చేసేవారే ఎంచుకోవాలి. వరుసను కుడి అంచుదాకా సాగదీయడం యంత్రం పని.

ఆ ఎంపికను యంత్రానికి అప్పగించే దారి చూపినవారిలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ గోర్లే ఒకరు. 1980లలో ఆయన సంగీత వరుసను స్ప్రింగుల గొలుసుగా ఊహించాడు. ప్రతి స్వరం వెనకా ఒక స్ప్రింగు: అది కోరుకునే ఖాళీ. దానికి తోడు ఒక కడ్డీ: ఎంత నొక్కినా తగ్గకూడని కనీస దూరం. శృతిని కాస్త పెంచే షార్ప్ గుర్తు వచ్చి పక్క స్వరాన్ని గుద్దుకోకుండా ఆపేది కడ్డీయే. గొలుసును వరుస పొడవుకు సాగదీస్తే స్ప్రింగులు తమ బలాన్ని బట్టి ఖాళీని పంచుకుంటాయి. 1996లో నెదర్లాండ్స్‌కు చెందిన హాన్-వెన్ నీన్‌హౌస్, యాన్ న్యూవెన్‌హౌజెన్ మొదలుపెట్టిన ‘లిలీపాండ్’ ఈ నమూనాను తీసుకుని మరింత దూరం వెళ్లింది. అది ఒక్కో బార్‌లోని (రెండు నిలువు గీతల మధ్య భాగంలోని) అతిచిన్న స్వరాన్ని చూసి, వాటిలో ఎక్కువగా కనబడే వ్యవధిని కొలమానంగా పెట్టుకుంటుంది. ఆ స్వరానికి స్వరం తల వెడల్పుకు రెండింతలు, దానికి రెట్టింపు నిలిచేదానికి మూడింతలు, ఆపైదానికి నాలుగింతలు ఇస్తుంది. తర్వాతి మెట్టు నాకు మరీ ముచ్చటైనది. పైకి లేచే కాడ తలకు కుడివైపు, కిందికి దిగే కాడ ఎడమవైపు ఉంటాయి. కనుక పైకాడ స్వరం వెంట కిందికాడ స్వరం వస్తే, తలల మధ్య దూరం సమానంగానే ఉన్నా కాడలు దగ్గరపడి ఇరుకుగా కనిపిస్తుంది. చేత్తో కొట్టినవారు అక్కడ కాస్త ఎడం పెంచి, తిరగబడిన జంట దగ్గర తగ్గించేవారు. లిలీపాండ్ కూడా అదే చేస్తుంది. దాని నిర్మాతలు బాఖ్ చెల్లో సూట్ల 1950 నాటి చేతిపని ముద్రణను ముందు పెట్టుకుని, అర్ధశతాబ్దం తర్వాతి కంప్యూటరు ముద్రణతో పోల్చి చూశారు. కొత్తదానిలో బార్ గీతలు వరుస కింద వరుసగా గళ్లు గీసినట్టు నిలిచాయి. అన్ని వరుసలూ ఒకేలా కనిపిస్తే, వాయించేవారు తల తిప్పి మళ్లీ చూసేసరికి తాము ఆగిన చోటు దొరకదు.

ఎడాన్ని కంప్యూటరే నిర్ణయించగలదన్న వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. 1984లో ఇండియానా విశ్వవిద్యాలయంలో సంగీత లిపి, కంప్యూటర్ల మీద పరిశోధన సమర్పించిన డొనాల్డ్ బర్డ్, పేరున్న స్వరకర్తల అచ్చు పుటల నుంచే నియమాలను దాటే ఉదాహరణలు పోగుచేశాడు. పుటలోని ప్రతి చిక్కునూ విప్పాలంటే మనిషి తెలివి కావాలన్నది ఆ ఉదాహరణల సారాంశం. దాన్ని నేను కాదనను. కానీ ఆ చిక్కుల్లో చాలావరకు అసాధారణ సంగీతంలో వచ్చేవి. వాటి కోసం వేలకొద్దీ మామూలు బార్‌లను కూడా చేత్తో సర్దాలనడం న్యాయం కాదు. తెర మీద మౌస్‌తో జరిపితే పోయేదానికి ఇంత లెక్క ఎందుకన్నది ఇంకో ప్రశ్న. శృతి మార్చినా, కాగితం చిన్నదైనా, ఆర్కెస్ట్రా పుట నుంచి వయొలిన్ భాగాన్ని విడదీసినా కాడలు తిరగబడతాయి, షార్ప్‌లు వచ్చిపోతాయి, వరుసలు వేరేచోట విరుగుతాయి. జరిపిన చోట్లన్నీ మళ్లీ జరపాలి. లిలీపాండ్‌కు టైపు చేసి ఇచ్చే పాఠ్యఫైలులో దూరాలు ఉండవు, స్వరాలు మాత్రమే ఉంటాయి. అరుదుగా చేసిన సవరణ కూడా అక్కడ ఒక పంక్తిగా, ఎందుకు చేశారో పక్కనే రాసుకునే వీలుతో నిలుస్తుంది. ఎడం లెక్క మెరుగైన కొత్త వెర్షన్ వచ్చాక, అదే ఫైలును ఒక్క స్వరమూ తాకకుండా మళ్లీ అచ్చుకూర్చుకోవచ్చు.