రాలే జుట్టు చెప్పే కబురు

మన హాస్టళ్ళలో పొద్దున్నే స్నానాలగదుల దగ్గర రెండు మాటలు తప్పకుండా వినబడతాయి. నీళ్ళు రావడం లేదనేది ఒకటి. వచ్చిన నీళ్ళకు జుట్టు ఊడిపోతోందనేది రెండోది. బోరునీళ్ళలో ఉప్పు ఎక్కువైతే వెంట్రుక గరుకెక్కి మధ్యలో తెగుతుందేమో గాని, కుదుళ్ళనుంచి రాలడానికి కారణాలు నీళ్ళలో కాక ఒంట్లో వెతుక్కోవాలి. నవ్వులాటగా కనబడే ఈ సంగతి ఇరవయ్యేళ్ళ కుర్రవాళ్ళను లోలోపల ఎంత కుంగదీస్తుందో, దీనివల్ల ఎన్ని పెళ్ళిసంబంధాలు తప్పిపోతాయో అందరికీ తెలిసిందే. ఆ భయాన్నే పెట్టుబడిగా చేసుకుని సీసాలకు సీసాలు అమ్ముడుపోతున్నాయి. అందుకే జీవశాస్త్ర విద్యార్థిగా, రైతుబిడ్డగా నాకు బోధపడిన నాలుగు సంగతులు మీ ముందుంచుతున్నాను.

మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. బయటికి కనబడే వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైన నిర్జీవ పదార్థం. ప్రాణమంతా చర్మం లోపలి కుదురులో ఉంది. ప్రతి వెంట్రుకా రెండునుంచి ఆరేళ్ళదాకా, నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆగిపోతుంది. ఆపైన మూడు నెలలపాటు విశ్రమించి రాలిపోతుంది. అదే కుదురులోంచి కొత్తది మొలుస్తుంది.

వరిచేను ఒక్కసారే పండి ఒక్కసారే కోతకొస్తుంది. జుట్టు అలా కాదు, మిరపతోట లాంటిది. ఒకే చెట్టున పూత, పిందె, పచ్చికాయ, పండుకాయ కలిసి ఉన్నట్టే, తలలో నూటికి 85-90 వెంట్రుకలు పెరిగే దశలోనూ, తక్కినవి చాలావరకు విశ్రాంతి దశలోనూ ఉంటాయి. కాబట్టి రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం సహజం. దువ్వెనలో నాలుగు వెంట్రుకలు చూసి బెంగపడనక్కరలేదు.

ఐతే బెట్ట తగిలితే మిరప ఉన్న పూతంతా రాల్చేస్తుంది కదా! ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు జుట్టూ అంతే. టైఫాయిడ్, డెంగీ వంటి జ్వరాలు, కాన్పు, ఆపరేషను, ఉన్నట్టుండి తిండి మానేసి సన్నబడటం, తీవ్రమైన మనోవ్యథ, వీటివల్ల పెరుగుతున్న వెంట్రుకలు అనేకం ఒక్కసారే విశ్రాంతి దశలోకి పోతాయి. అవి రాలేది మాత్రం రెండు మూడు నెలల తర్వాత. ఆసరికి జ్వరం సంగతి మరిచిపోయి, నిన్న మార్చిన సబ్బును తిట్టుకుంటాం. 2020-21లో కరోనా సోకిన చాలామందికి ఇలాగే జరిగింది. కారణం తొలగితే ఈ రకం రాలుడు సాధారణంగా ఆరు నెలల్లో తగ్గి, జుట్టు మళ్ళీ వస్తుంది.

తగ్గకపోతే లోపల ఇంకేదో ఉందని అర్థం. మా పెద్దనాన్నగారి అమ్మాయికి, నాకు అక్క వరస, కాన్పయ్యాక గుప్పెళ్ళకొద్దీ జుట్టు రాలడం మొదలై ఏడాదైనా ఆగలేదు. ఊళ్ళో దిష్టి అన్నారు. పట్నంలో నూనె మార్చమన్నారు. ఆ సీసాలకు పోసిన డబ్బుతో ఎకరానికి ఎరువు వచ్చేది. చివరికి ఆసుపత్రిలో రక్తం చూస్తే హిమోగ్లోబిన్ ఏడు గ్రాములు! మెట్లెక్కితే ఆయాసం, కాళ్ళు లాగడం అప్పటికే ఉన్నాయి. ఆమె చెప్పుకోలేదు, ఇంట్లో ఎవరూ అడగలేదు. ఇనుము మాత్రలు నెలల తరబడి వాడాక ఆయాసమూ పోయింది, జుట్టూ నిలిచింది. జుట్టు రాలకపోతే ఆ రక్తహీనత ఇంకెన్నాళ్ళు దాగి ఉండేదో! ఇనుము లోపం, థైరాయిడ్ గ్రంథి లోపం ముందుగా చూడవలసినవి, ముఖ్యంగా ఆడపిల్లల్లో. ఊరికే బయోటిన్ మాత్రలు మింగితే లాభం లేదు. పైగా అవి ఎక్కువ మోతాదులో థైరాయిడ్ పరీక్షనే తప్పుదారి పట్టిస్తాయి.

రూపాయి బిళ్ళంత మేర నున్నగా ఊడితే దాన్ని మనవాళ్ళు పేనుకొరుకుడు అంటారు. పాపం, పేనుకు దీనితో సంబంధం లేదు. మన రోగనిరోధక శక్తే పొరబడి కుదుళ్ళమీద దాడి చేస్తుంది. కుదురు చావదు గనక చిన్న మచ్చలు చాలామందిలో ఏడాదిలోగా వాటంతటవే పూడతాయి. డాక్టర్లు మచ్చలోకి స్టిరాయిడ్ ఇంజక్షను ఇస్తారు. పల్లెల్లో గురివింద గింజ నూరి రాసేవాళ్ళున్నారు. అందులో అబ్రిన్ అనే ఘోరమైన విషముంది, దయచేసి ఆ పని చేయవద్దు. దురద, పొలుసులు ఉంటే అది తామర కావచ్చు. తలలో తామరకు పైపూత చాలదు, లోపలికీ మందు వాడాలి.

ఇక అసలైన బట్టతల. కణతల దగ్గర, నడినెత్తిన మొదలై వెనక్కి పాకుతుంది. టెస్టోస్టిరోన్ అనే పురుష హార్మోనును ఒక ఎంజైము డైహైడ్రో టెస్టోస్టిరోన్‌గా మారుస్తుంది. వంశపారంపర్యంగా దానికి లొంగే కుదుళ్ళు క్రమంగా చిక్కిపోయి నూగు మాత్రమే మొలిపిస్తాయి. యుక్తవయసుకు ముందే వృషణాలు తీసివేయబడిన పురుషులకు బట్టతల రాదని 1942లో హామిల్టన్ అనే శాస్త్రజ్ఞుడు చూపాడు. "నీ మేనమామ తల చూసుకోరా" అంటారు మనవాళ్ళు. అందులో కొంత నిజముంది, ఒక ముఖ్యమైన జన్యువు తల్లినుంచి వచ్చే ఎక్స్ క్రోమోసోము మీద ఉంది. కాని తండ్రివైపునుంచి వచ్చే జన్యువులూ తక్కువ కాదు.

దీనికి రుజువైన మందులు రెండు. మినాక్సిడిల్ మొదట రక్తపోటుకు వాడిన మాత్ర. అది మింగినవాళ్ళకు ఒంటినిండా వెంట్రుకలు రావడం చూసి, తలకు రాసే మందుగా చేశారు. 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదటి వారాల్లో రాలుడు ఎక్కువ కావచ్చు. ఫలితం తెలియాలంటే నాలుగునుంచి ఆరు నెలలు ఆగాలి, మానేస్తే వచ్చింది పోతుంది. రెండోది ఫినాస్టిరైడ్, పైన చెప్పిన ఎంజైమును అడ్డుకుంటుంది. 1997లో దీన్ని పురుషుల బట్టతలకు అనుమతించారు. కొద్దిమందికి లైంగికమైన ఇబ్బందులు, మనసు కుంగడం కలగవచ్చు. గర్భిణులు దీన్ని తాకనే కూడదు. రెండింటినీ డాక్టరు సలహాతోనే వాడాలి.

మూడో దారి నాట్లు! తల వెనకభాగపు కుదుళ్ళు ఆ హార్మోనుకు లొంగవు. వాటిని తెచ్చి ముందు నాటినా పాత గుణం పోదని 1959లో ఆరెంట్రైక్ ప్రకటించాడు. నారు ఏ మడిలో నాటినా విత్తన గుణం మారదని మన రైతుకు ఎప్పుడో తెలుసు. చేసేవాడు అర్హత ఉన్న డాక్టరేనా అన్నది మాత్రం ముందు కనుక్కోవాలి.

తిరుపతిలో గుండు చేయించుకుంటే జుట్టు ఒత్తుగా వస్తుందనేది మరో నమ్మకం. మొక్కు మొక్కే, దానికి అడ్డు చెప్పను. కాని కత్తి కుదురుదాకా పోదు. కోసిన వెంట్రుక కొస మొద్దుగా ఉండటంవల్ల ఒత్తుగా తోస్తుందంతే. గడ్డి కోస్తే దుబ్బుల సంఖ్య పెరగదు గదా! నూనె వెంట్రుకను మెత్తబరుస్తుంది, తెగకుండా కాపాడుతుంది. బట్టతలపై కొత్తగా మొలిపించదు. గట్టిగా లాగి జడలు వేయడం ఏళ్ళతరబడి సాగితే నుదుటి దగ్గర కుదుళ్ళు శాశ్వతంగా పోవచ్చు.

కాబట్టి మిత్రులారా, ఉన్నట్టుండి జుట్టు రాలితే ముందు గడచిన మూడు నెలల్లో ఒంటికి ఏమైందో గుర్తు చేసుకోండి. ఆయాసం, నీరసం, నెలసరిలో అధిక రక్తస్రావం ఉంటే నూనె కొట్టుకు కాక రక్తపరీక్షకు వెళ్ళండి. ఇక బట్టతల అంటారా, అది రోగం కాదు, నేరం అసలే కాదు. మందు వాడటం, వాడకపోవడం ఎవరిష్టం వారిది. పక్క బెంచీ మిత్రుడి నెత్తిమీద జోకులు వేయకుండా ఉండటానికి మాత్రం ఏ డాక్టరు చీటీ అక్కరలేదు.

– బి.ఎస్.సి. ద్వితీయ సంవత్సరం