ప్రశ్నపత్రానికే పరీక్ష

అయిదు, ఎనిమిది తరగతుల పరీక్షలలో మరల అవకాశమిచ్చినా తప్పినవారిని అదే తరగతిలో నిలిపివేసే అధికారాన్ని 2019లో పార్లమెంటు ప్రభుత్వాలకు ఇచ్చింది. 2024 డిసెంబరులో కేంద్రం తన పాఠశాలలలో దానిని అమలుకు తెచ్చింది. నిలిపివేతపై వాదోపవాదాలు సాగినవి గాని, అడుగవలసిన ప్రశ్నలేమిటన్నది మరుగున పడినది.

మధ్యప్రదేశ్‌లోని నాటి హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలతో ఒక విజ్ఞాన బోధనా కార్యక్రమం ఆరంభమైనది. అందులో ఎనిమిదో తరగతి విద్యార్థులు పుస్తకాలు దగ్గర ఉంచుకొనే సామాన్యశాస్త్ర పరీక్ష వ్రాసేవారు. ప్రయోగాలు స్వయంగా చేసి చూపేవారు. జ్ఞాపకశక్తికి గాక పరిశీలనకు, తర్కానికి అక్కడ విలువ. రాష్ట్ర ప్రభుత్వం 2002లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్నాము. నిర్వచనాల వల్లెవేతతో ఆ దృక్పథం అలవడదు. పిల్లవానిని నిలిపివేయడానికి ముందు ప్రశ్నపత్రాన్ని పరీక్షించడం ప్రభుత్వాల విధి.