ఒకే తొట్టె, ఒకే మేత – ఎదుగుదల మాత్రం వేరు!

మా బడి ప్రయోగశాలలో ఒక గాజు తొట్టె ఉంది. విజయనగరంలో ఒకేరోజు కొని తెచ్చిన నాలుగు బంగారు చేపలను అందులో వేశాం. ఆనాడు నాలుగూ ఇంచుమించు 4 సెంటీమీటర్ల పొడవే. నాలుగు నెలలు తిరిగేసరికి ఒకటి దాదాపు రెట్టింపయింది. ఒకటి మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్లు ఉండిపోయింది. "మాస్టారూ! దీనికేదో జబ్బు. చెరువులో వదిలేద్దామండీ" అన్నారు తొమ్మిదో తరగతి పిల్లలు.

పరాయి చేపలను మన చెరువుల్లో వదలరాదు. అదలా ఉంచి, అసలు అది జబ్బు చేపేనా? విచారించి చూద్దాం.

మొదట చూడవలసింది జాతి, లింగ భేదాలు. గప్పీ చేపల్లో మగది ఎంత తిన్నా ఆడదానంత పెరగదు. అది జబ్బు కాదు, దాని స్వభావం. మా చేపలన్నీ ఒకే జాతివి. అయినా ఒక తల్లి పిల్లలన్నీ ఒక్క తీరుగా ఉండవు కదా! పుట్టుకతోనే కొద్దిపాటి తేడా ఉంటుంది.

ఆ కొద్దిపాటి తేడాయే పెద్దదవుతుంది. ఎలాగో లెక్క వేయండి. ఒక చేప పొడవు 4 సెంటీమీటర్లు, మరొకటి 4.4 అనుకుందాం. తేడా పదో వంతే. కాని బరువు సుమారుగా పొడవు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. 1.1 × 1.1 × 1.1 = 1.331. అంటే రెండోది మూడో వంతు ఎక్కువ బరువన్నమాట! దాని నోరూ పెద్దదే, ఈత వేగమూ ఎక్కువే. మేత వేయగానే ముందు అదే అందుకుంటుంది. తిన్నకొద్దీ పెరుగుతుంది, పెరిగినకొద్దీ ఇంకా తింటుంది.

చిన్నదానికి మరో కష్టం కూడా ఉంది. పెద్దవి తరుముతుంటే అది మూలకు ఒదుగుతుంది. అలా నిత్యం బెదురుతూ బతికే చేప రక్తంలో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. అప్పుడు తిన్న కొంచెం కూడా ఒంటికి పట్టదు.

చేపలు పెంచేవారికి ఈ సంగతి బాగా తెలుసు. కొర్రమీను పిల్లల్లో పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి కూడా. అందుకే వాటిని సైజుల వారీగా ఏరి వేరు చేస్తారు.

మరి ఎదగని చేప ఇక ఎప్పటికీ ఎదగదా? దీనికి జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. కొల్లేరు ప్రాంతపు రైతులు శీలావతి, బొచ్చె పిల్లలను చాలాకాలం చిన్న చెరువుల్లో ఇరుకుగా, తక్కువ మేతతో ఉంచుతారు. అవి గిడసబారి ఉంటాయి. తరువాత పెద్ద చెరువులో వదిలి కడుపునిండా మేత వేస్తే చకచకా పెరుగుతాయి. పోయిన ఎదుగుదలను పూడ్చుకునే ఈ శక్తిని 'పరిహార వృద్ధి' అంటారు.

మేమూ చిన్నచేపను వేరే తొట్టెలో పెట్టాం. మొదటి రెండు రోజులు మూలనే నక్కింది. మూడోనాడు మేత కోసం పైకి వచ్చింది. రెండు నెలల్లో ఒకటిన్నర సెంటీమీటర్లు పెరిగింది! మిగతావాటిని ఇంకా అందుకోలేదు గాని, జబ్బు మాత్రం కాదని తేలిపోయింది.

మీ ఇంట్లో తొట్టె ఉంటే ఇలా చేయండి. మేతను ఒకేచోట కాక రెండు మూడు చోట్ల చల్లండి. దాగడానికి నాచుమొక్కలో, రాళ్లో ఉంచండి. చేపల మొప్పల నుంచి వెలువడే అమ్మోనియా పేరుకుంటే అన్నిటి ఎదుగుదలా కుంటుపడుతుంది. కనుక వారం వారం కొంత నీరు మార్చండి. కుళాయి నీరైతే ఒకరోజు నిలవ ఉంచి పోయండి. గాజుకు బయట స్కేలు ఆనించి, పదిహేను రోజులకొకసారి పొడవులు కొలిచి పుస్తకంలో రాయండి.

చిన్నచేపను చూడగానే "ఇది ఇంతే" అనకండి. దానికి మేత అందుతున్నదా అని ముందు చూడండి.