ఇంజను బోరుకొచ్చిందా?

"బండి బోరుకొచ్చిందండీ, ఇంజను మార్చాల్సిందే!" అని డ్రైవర్లు అనుకుంటూ ఉండగా మీరు వినే ఉంటారు. బోరుకు రావడమంటే ఏమిటి? అలా వచ్చిన ఇంజనును విప్పి బాగుచేయించాలా, తీసేసి వేరేది పెట్టించాలా? దీనికి జవాబు చెప్పడానికి మీ బళ్ళో నేర్చుకున్న లెక్కలే చాలావరకు సరిపోతాయి.

నేను కాలేజీలో చదివే రోజుల్లో, అంటే 1990 ప్రాంతంలో, విజయవాడలో మా పక్కింటి బాబాయికి డీజిలు అంబాసిడర్ టాక్సీ ఉండేది. ఆ ఇంటికి అన్నం పెట్టేది ఆ కారే. ఒక చలికాలంలో అది మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున్నే వీధి చివరిదాకా తోస్తేగాని స్టార్టయ్యేది కాదు. వెనక నీలిపొగ. వారానికో లీటరు ఇంజనాయిలు తాగేది. ఒక మెకానిక్కు కొత్త రింగులు వేశాడు. నాలుగు నెలలు తిరిగేసరికి కథ మళ్ళీ మొదటికొచ్చింది. "ఇంజను మార్చెయ్" అన్నారు స్టాండులో అందరూ. బాబాయి అప్పు కోసం నలుగురినీ అడిగి, ఆటోనగర్లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు. వెంట నేనూ వెళ్ళాను.

"మార్చే సంగతి తర్వాత. ముందు కొలిచి చూద్దాం" అన్నాడు మేస్త్రీ.

అగ్గిపుల్ల లేని మంట

సైకిలు పంపు రంధ్రాన్ని వేలితో మూసి నాలుగుసార్లు గట్టిగా కొట్టి చూడండి. పంపు అడుగుభాగం వేడెక్కుతుంది. గాలిని హఠాత్తుగా కుదిస్తే దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో నడిపి చూపిన ఇంజనుకు మూలం ఇదే. పెట్రోలు ఇంజనులోలాగా ఇందులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. బాబాయి కారు ఇంజనులో పిస్టను గాలిని ఇరవయ్యో వంతు కంటే తక్కువ చోటులోకి నొక్కేస్తుంది. అప్పుడు గాలి వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అందులోకి డీజిలు చిమ్మగానే దానంతటదే అంటుకుంటుంది.

మరి నొక్కేటప్పుడు గాలి ఎక్కడో కారిపోతే? ఒత్తిడి పెరగదు, వేడి చాలదు, డీజిలు అంటుకోదు. చలిపొద్దున కారు ఎందుకు మొరాయించేదో తెలిసింది కదా!

పొగ సాక్ష్యం చాలదు

పొగను చూసి కొంత చెప్పవచ్చు. నీలిపొగ వస్తే ఇంజనాయిలు కాలుతోందన్నమాట. తెల్లపొగ అయితే కాలని డీజిలు కావచ్చు, నీటి ఆవిరీ కావచ్చు. నల్లపొగ అయితే డీజిలు ఎక్కువై గాలి చాలలేదని అర్థం. గాలి ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా నల్లపొగే వస్తుంది. ఫిల్టరు మారిస్తే పోయేదానికి ఇంజను మార్చుకుంటే ఎంత నష్టం! అందుకే పొగను నమ్మి తీర్పు చెప్పకూడదు.

మేస్త్రీ ఒక్కొక్క సిలిండరులో పిస్టనును పైకొసకు తెచ్చి, కదలకుండా ఆపి, డీజిలు చిమ్మే ఇంజెక్టరు తీసిన రంధ్రం గుండా గొట్టంతో గాలి పట్టించాడు. ఆ తర్వాత డాక్టరులాగా చెవి పెట్టి విన్నాడు. పొగగొట్టంలో బుస్సుమంటే ఎగ్జాస్టు వాల్వు లోపం. గాలి లోపలికొచ్చే దారిలో వినిపిస్తే ఇన్లెట్ వాల్వు లోపం. రేడియేటరులో బుడగలొస్తే హెడ్ గాస్కెట్ పోయిందో, హెడ్డో బ్లాకో పగిలిందో అన్నమాట. బాబాయి కారులో ఆయిలు పోసే మూత దగ్గర బుస్సుమంది. అంటే గాలి రింగుల పక్కనుంచి కిందికి జారుతోంది. రేడియేటరులో బుడగలు లేవు. "బ్లాకు బతికే ఉంది" అన్నాడు మేస్త్రీ.

మూడు వెంట్రుకల మందం

హెడ్ విప్పి, సిలిండరు లోపలి వ్యాసాన్ని గేజితో కొలిచాడు. కొత్తప్పుడది సుమారు 73 మి.మీ. ఇప్పుడు పైభాగంలో 0.2 మి.మీ. పెరిగింది. మూడు తలవెంట్రుకల మందమంతే! ఇంత కొంచెం అరుగుదలకే ఇంత గొడవా అని నేనూ అనుకున్నాను. మీకు తెలిసిన సూత్రం వేసి చూడండి: పరిధి = 3.14 × వ్యాసం. వ్యాసం 0.2 మి.మీ. పెరిగితే పరిధి 0.63 మి.మీ. పెరుగుతుంది. రింగు పూర్తి వలయం కాదు, దాని కొసల మధ్య పావు మిల్లీమీటరు సందు ఉంటుంది. ఆ సందు ఇప్పుడు మూడింతలు దాటిందన్నమాట!

సిలిండరు పైభాగమే ఎక్కువ అరుగుతుంది. పిస్టను పైకొసలో క్షణం ఆగి వెనక్కి తిరుగుతుంది. ఆ క్షణంలో ఆయిలు పొర పలచబడుతుంది. మంట వేడీ, ఒత్తిడీ ఎక్కువగా ఉండేది కూడా అక్కడే. పైగా పిస్టను ఒక పక్కకు ఒరిగి తోస్తుంది కాబట్టి సిలిండరు గుండ్రం చెడి కోలగా అవుతుంది. కోల రంధ్రంలో గుండ్రటి కొత్త రింగు ఎలా అతుకుతుంది? మొదటి మరమ్మతు నాలుగు నెలలకే ఎందుకు పోయిందో ఇప్పుడు తెలిసింది.

బాగుచేయాలా, మార్చాలా?

అరిగిన సిలిండరును లేత్ షాపులో ఇంకాస్త పెద్దదిగా, గుండ్రంగా తొలిచి, దానికి సరిపడే పెద్ద పిస్టను వేస్తారు. ఇదే రీబోరింగు. బాబాయి కారుకు 20 థౌ తొలిచారు. అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ. అంటే సుమారు అర మిల్లీమీటరు. క్రాంకు షాఫ్టుకు దీనికి తలకిందులు. దాన్ని గీకి సన్నం చేసి, మందమైన బేరింగులు వేస్తారు. తొలవడానికి చోటు మిగలకపోతే సిలిండరులో కొత్త లైనరు దిగగొట్టవచ్చు.

అయితే బ్లాకు పగిలినా, క్రాంకు షాఫ్టు గీకే హద్దు దాటినా, విడిభాగాలు దొరక్కపోయినా ఇంజను మార్చడమే మేలు. పాత బండి నుంచి తీసిన ఇంజను చవకగా దొరకవచ్చు. కానీ దాని లోపల ఎంత అరిగిందో ఎవరికి తెలుసు? దానికీ ఈ పరీక్షలన్నీ చేయాలి. మార్చాక కొత్త ఇంజను నంబరును రవాణా శాఖ ఆఫీసులో తెలిపి రిజిస్ట్రేషనులో ఎక్కించాలి.

ఖర్చుకూ ఒక లెక్కుంది. బాగుచేయడానికి 60,000 రూపాయలై, లక్ష కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. కిలోమీటరుకు 60 పైసలు పడింది. పాత ఇంజను 35,000కే వచ్చి, 40,000 కిలోమీటర్లే నడిస్తే? కిలోమీటరుకు 87 పైసలకు పైనే! చవకగా కనిపించినదే ప్రియమైంది. టాక్సీ అయితే షెడ్డులో ఉన్న రోజుల సంపాదన కూడా ఖర్చులో కలపాలి.

అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పటి ఇంజన్లలో కొన్నింటిని రీబోరు చేయడానికి వీలుండదు. అయినా కొలిచి, లెక్కకట్టి నిర్ణయించే పద్ధతి మారలేదు.

బాబాయి ఇంజను బాగుచేయించడానికే ఒప్పుకున్నాడు. అన్నీ బిగించాక మేస్త్రీ ఒక రబ్బరు గొట్టం చూపించాడు. గాలి ఫిల్టరు నుంచి ఇంజనుకు వెళ్ళే గొట్టమది. అడుగున చీలి ఉంది. వడకట్టని రోడ్డు దుమ్మంతా అందులోంచి లోపలికి వెళ్ళింది. దుమ్ములోని ఇసుకరేణువులు ఇనుముకన్నా గట్టివి, గరుకు కాగితంలాగా సిలిండరును అరగదీశాయి.

"ఇది మార్చకపోతే ఏ ఇంజను పెట్టినా ఇదే గతి" అన్నాడు. బాబాయి ఆ గొట్టాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కొత్త గొట్టం ఖరీదు ఆ రోజు మేమిద్దరం తిన్న భోజనం కన్నా తక్కువ.