కడుపులో కుంకుడు రసం

గిద్దలూరు చుట్టుపక్కల కొన్ని ఇళ్లలో తలంటంటే ఇప్పటికీ కుంకుడుకాయలే. కాయల్ని రాతి మీద చితక్కొట్టి, గింజలు తీసేసి, వేణ్నీళ్లలో నానేస్తారు. నూనె పట్టించిన తల మీద ఒట్టి నీళ్లు పోస్తే జారిపోతాయి, జిడ్డు కదలదు. కుంకుడు రసం పోసి రుద్దితే తెల్లటి నురగతో పాటే దిగిపోతుంది. తిన్న నూనె ఎలా అరుగుతుందో అర్థం కావాలంటే ఇంతకంటే మంచి పాఠం లేదు.

పేగుల్లో ఉండేదంతా నీళ్లే. జొన్నరొట్టె పిండి నీళ్లతో కలుస్తుంది. నంజుకున్న శనక్కాయల పచ్చడిలోని నూనె కలవదు. ఆ గింజలో దాదాపు సగం నూనే మరి. నోట్లో, పొట్టలో కొంత అరిగినా అసలు పని చిన్నపేగు మొదట్లోనే. కొవ్వు అక్కడికి చేరగానే పేగు గోడ సీసీకే అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. ఆ కబురు అందగానే పొట్ట నెమ్మదిగా ఖాళీ అవడం మొదలుపెడుతుంది, పిత్తాశయం ముడుచుకుని పైత్యరసాన్ని పేగులోకి వదులుతుంది. పచ్చడి నంజుకుని తిని చేలోకి పోయినవాళ్లు మధ్యాహ్నం దాకా ఆకలికి ఆగగలగడానికి ఇదొక కారణం.

పైత్యరసమే లోపలి కుంకుడు రసం. కాలేయం దాన్ని రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా తయారుచేస్తుంది. అందులోని లవణాలు ఒక కొసతో నీళ్లను, ఇంకో కొసతో నూనెను పట్టుకుంటాయి. దాంతో పెద్ద బొట్టు సన్నటి తుంపరలుగా విడిపోతుంది. కుంకుడు పోలిక ఇంతవరకే. పైత్యరసం కొవ్వును విడదీస్తుంది గానీ తెంపలేదు. తెంపేది క్లోమం పంపే లైపేజ్ ఎంజైము. కొవ్వు అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలుంటే, రెండింటిని ఊడదీస్తుంది. ఆ ముక్కలు పేగు గోడలోకి పోయాక మళ్లీ అతుక్కుని కొవ్వే అవుతాయి! ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే. తర్వాత ప్రొటీన్లు కలిసిన పొర కప్పుకుని, కైలోమైక్రాన్లనే గుళికలై, చక్కెరలా నేరుగా కాలేయానికి పోకుండా శోషరస నాళాల దారి పట్టి, ఎడమ వైపు మెడ కింద సిరలో కలుస్తాయి. బిర్యానీ తిన్న మూడు నాలుగు గంటలకు రక్తం తీస్తే, గొట్టంలో పైన తేరుకున్న సీరం పాలలా కనిపించొచ్చు. ట్రైగ్లిజరైడ్ల పరీక్షకు పరగడుపున రమ్మనేది అందుకే.

మా పిన్నమ్మకు రాళ్లున్నాయని పిత్తాశయం తీసేశారు. "తిత్తే లేదు గదా నాయనా, నూనె ఎట్టా అరుగుద్ది?" అని మూడేళ్లు నూనె ముట్టలేదు. తిత్తి పైత్యరసాన్ని దాచిపెట్టి చిక్కబరిచే సంచి మాత్రమే, తయారయ్యేది కాలేయంలో. సంచి పోయినా రసం కొద్దికొద్దిగా పేగులోకి కారుతూనే ఉంటుంది. ఒకేసారి ఎక్కువ నూనె పడితే కొందరికి విరేచనాలవుతాయి. పూటకింత కొంచెం అయితే చాలామందికి అరుగుతుంది. బొత్తిగా లేకపోతే ఆకుకూరల్లోని కెరోటిన్, విటమిన్ కె సరిగా ఒంటికి పట్టవు. పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. ఆ పూట తోటకూరకు పిన్నమ్మ ఒక చెంచా నూనెతో తాలింపు పెట్టింది.